టెక్సస్‌లో మీ సిటీ చార్టర్‌ని సవరించాలంటే: సంతకాలకు బయల్దేరేముందు చూసుకోవాల్సిన చట్టం సంగతులు

ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో, షుగర్ ల్యాండ్, ఆస్టిన్... మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కుని ఏళ్ళ తరబడి ఉంటున్న ఈ ఊళ్ళన్నీ హోమ్ రూల్ ఊళ్ళు. అంటే ఈ ఊళ్ళకి సొంత రాజ్యాంగం లాంటి పత్రం ఒకటి ఉంటుంది, దాన్నే చార్టర్ అంటారు. మేయర్ పదవి ఎన్నేళ్ళు, కౌన్సిల్‌లో ఎన్ని సీట్లు, సిటీ మేనేజర్‌ని ఎవరు పెడతారు, ఎవరు తీసేస్తారు, జనం సంతకాలు పెట్టి మేయర్‌ని వెనక్కి పిలవొచ్చా లేదా, ఇవన్నీ అందులోనే ఉంటాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెరిగిన మనకి ఇది కొత్తగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ కార్పొరేషన్ నిర్మాణమంతా 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం చూసుకుంటుంది, దాన్ని మార్చాలంటే అసెంబ్లీయే మార్చాలి, ఊరి ఓటర్లకి ఆ అధికారం లేదు. ఇక్కడ ఉంది, తగినంతమంది ఓటర్లు సంతకాలు పెట్టి పిటిషన్ ఇస్తే చార్టర్ మార్పు మీద ఎన్నిక పెట్టి తీరాలి. ప్రాపర్టీ ట్యాక్స్ ఎక్కువైందని వాట్సాప్ గ్రూపుల్లో బాధపడే చాలామందికి ఈ అధికారం తమ చేతిలో ఉందని కూడా తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక్కటి ముందే చెప్తాను. చార్టర్ సవరణలు ఓట్లు తక్కువై ఓడిపోవడం ఒక ఎత్తు. ఓట్లు గెలిచాక కోర్టులో పోవడం, లేదా అసలు బ్యాలెట్ దాకా రాకుండానే ఆగిపోవడం ఇంకో ఎత్తు. రెండోదానికి కారణం దాదాపు ఎప్పుడూ మొదట్లో రాసిన కాగితంలోనే ఉంటుంది. కాబట్టి తొందరపడి క్లిప్‌బోర్డు పట్టుకుని గుమ్మం గుమ్మం తిరగడం మొదలుపెట్టకండి.

మొదటి మెట్టు: మీ ఊరు ఏ రకం, మీకు నిజంగా చార్టర్ సవరణే కావాలా

టెక్సస్‌లో ఊళ్ళు రెండు రకాలు. జనాభా 5,000 దాటిన ఊరు ఓటర్ల ఆమోదంతో హోమ్ రూల్ చార్టర్ పెట్టుకోవచ్చు, 1912లో రాష్ట్ర రాజ్యాంగానికి చేసిన సవరణతో వచ్చిన హక్కు ఇది, ఇప్పుడు 11వ ఆర్టికల్ 5వ సెక్షన్‌లో ఉంది. మిగతావి జనరల్ లా ఊళ్ళు, వాటికి రాష్ట్రం ఇచ్చిన అధికారాలు తప్ప వేరే ఉండవు. మీ ఊరు జనరల్ లా ఊరైతే ఇక్కడితో ఆపేయొచ్చు, మీ దారి వేరు.

హోమ్ రూల్ అయితే చార్టర్ మొత్తం ఒకసారి చదవండి. సిటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, చాలా ఊళ్ళలో అంత పెద్దదేమీ కాదు, ఒక సాయంత్రం సరిపోతుంది. చదివితే చాలాసార్లు తెలిసేదేమిటంటే, మీరు కోరుకునే మార్పు మామూలు ఆర్డినెన్స్‌తోనే, అంటే కౌన్సిల్ చేసే స్థానిక చట్టంతోనే, అయిపోతుంది. పార్కు వేళలు, చెత్త బండి వచ్చే రోజు, కుక్కల లైసెన్సు ఇలాంటివి చార్టర్‌లోకి ఎక్కించకూడదు, ఎక్కిస్తే తర్వాత చిన్న మార్పుకి కూడా మళ్ళీ ఎన్నికే పెట్టాలి. ఊరి పాలన నిర్మాణం, అధికారాల పంపకం, కౌన్సిల్ సొంతంగా మార్చకూడదని మీరు అనుకునే హద్దులు, చార్టర్‌లో ఉండాల్సినవి ఇవి.

రెండో మెట్టు: రెండేళ్ళ గడియారం

ఇది చాలామంది మర్చిపోయే విషయం. రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఏ సిటీ చార్టర్‌నీ రెండేళ్ళకి ఒకసారి కంటే ఎక్కువగా మార్చడానికి లేదు. పోయిన ఏడాది మే నెలలో కౌన్సిల్ ఏదో చిన్న సవరణ పెట్టి అది నెగ్గి ఉంటే, మీ పిటిషన్ ఎంత బలమైనదైనా ఈ ఏడాది దాన్ని అమల్లోకి తేవడం కుదరదు. కాబట్టి సిటీ సెక్రటరీ ఆఫీసుకి వెళ్ళి ఆఖరి సవరణ ఎప్పుడు జరిగింది, ఏ తేదీన కౌన్సిల్ దాన్ని ఆమోదించినట్టు రికార్డులో రాసుకుంది అని అడిగి, ఆ కాగితం కాపీ తెచ్చుకోండి. నోటిమాట చాలదు. అలాగే కౌన్సిల్ ఈ ఏడాది చార్టర్ రివ్యూ కమిషన్ వేస్తోందా అని కూడా కనుక్కోండి. డాలస్‌లో పదేళ్ళకోసారి అలాంటి కమిషన్ వెయ్యాలని చార్టర్‌లోనే ఉంది. అలాంటి ఏడాది మీ ఆలోచనని కమిషన్ ముందు పెడితే ఒక్క సంతకం లేకుండానే బ్యాలెట్ మీదకి వచ్చే అవకాశం ఉంటుంది. అదే ఏడాది మీరు కమిషన్‌ని పట్టించుకోకుండా ఉంటే వాళ్ళ సవరణలు నెగ్గి మీకు రెండేళ్ళు తాళం పడుతుంది.

మూడో మెట్టు: రాష్ట్ర చట్టంతో గొడవ ఉందా

హోమ్ రూల్ ఊరికి అధికారాలు చాలా ఎక్కువ, కానీ చార్టర్‌లో రాసింది రాష్ట్ర రాజ్యాంగానికి గానీ రాష్ట్రమంతటికీ వర్తించే చట్టాలకి గానీ విరుద్ధంగా ఉండకూడదు. కోర్టులు చూసేది ఏమిటంటే, శాసనసభ ఆ విషయాన్ని ఊళ్ళ చేతిలోంచి తీసేసుకున్నట్టు ఏ అనుమానానికీ తావులేకుండా చెప్పిందా అని. లారెడో ఊరు ప్లాస్టిక్ సంచులు నిషేధిస్తే 2018లో టెక్సస్ సుప్రీంకోర్టు కొట్టేసింది, ఎందుకంటే చెత్త నిర్వహణ మీద రాష్ట్ర చట్టం ఆ పని ఊళ్ళు చెయ్యకూడదని స్పష్టంగా చెప్పింది. మరోపక్క హ్యూస్టన్ ఓటర్లు 2018లో ఫైర్ సిబ్బంది జీతాలు పోలీసులతో సమానంగా ఉండాలని చార్టర్ సవరణ నెగ్గించారు, దాని మీద ఏళ్ళ తరబడి కేసు నడిచి చివరికి 2023లో అదే సుప్రీంకోర్టు రాష్ట్ర చట్టం దానికి అడ్డు కాదని తేల్చింది. అంటే రెండువైపులా ఫలితాలు ఉన్నాయి, ఊహించి చెప్పే విషయం కాదు, మీ అంశం మీద ఏ చట్టం ఉందో పేరుతో సహా వెతకాలి. దానికి తోడు 2023లో శాసనసభ వ్యవసాయం, కార్మిక, ఆస్తి చట్టాల్లాంటి పెద్ద పెద్ద విభాగాల్లో ఊళ్ళు సొంత నియమాలు పెట్టకుండా ఒక చట్టం తెచ్చింది, దాన్ని తప్పకుండా చూడండి.

గెలిచాక కూడా గొడవ వస్తుంది. డాలస్‌లో 2024 నవంబర్‌లో కొద్దిపాటి గంజాయి ఉన్నవాళ్ళని అరెస్టు చెయ్యొద్దనే చార్టర్ సవరణ భారీ మెజారిటీతో నెగ్గింది, ఆ నెలలోనే రాష్ట్ర అటార్నీ జనరల్ సిటీ మీద కేసు వేశాడు. ఇలాంటి అంశం ఎత్తుకుంటే కోర్టు ఖర్చు, కాలం కూడా లెక్కలో వేసుకునే ఎత్తుకోండి.

ఈ మెట్టు దగ్గర డబ్బు ఖర్చు పెట్టండి. మామూలు ఇమ్మిగ్రేషన్ లాయరో రియల్ ఎస్టేట్ లాయరో కాదు, మునిసిపల్ చట్టంలోనూ ఎన్నికల చట్టంలోనూ పనిచేసిన లాయర్ చేత మీ ముసాయిదా చదివించండి. సిటీ అటార్నీ మంచివాడే కావొచ్చు, కానీ ఆయన క్లయింటు సిటీ, మీరు కాదు.

నాలుగో మెట్టు: కాగితం మీద పెట్టడం

ఇప్పుడున్న సెక్షన్ పాఠం పెట్టుకుని, తీసేసే మాటలు కొట్టివేతతో, చేర్చే మాటలు కింద గీతతో చూపించండి. "సెక్షన్ 3ని మెరుగుపరచాలి" లాంటి వాక్యాలు సవరణ కావు. అదే మాట చార్టర్‌లో ఇంకెక్కడెక్కడ ఉందో వెతికి, అక్కడ కూడా మార్చండి, లేకపోతే ఒక సెక్షన్ నాలుగేళ్ళంటుంది, ఇంకో సెక్షన్ రెండేళ్ళంటుంది, మధ్యలో ఎన్నికల అధికారి తల పట్టుకుంటాడు.

రాష్ట్ర చట్టమైన లోకల్ గవర్నమెంట్ కోడ్ 9.004 ప్రకారం ఒక సవరణలో ఒకే విషయం ఉండాలి. ఓటరు ఒక సవరణకి ఔననీ ఇంకోదానికి కాదనీ విడివిడిగా చెప్పగలిగేలా బ్యాలెట్ ఉండాలి. శాన్ ఆంటోనియోలో 2023 మే నెలలో వచ్చిన ప్రాపొజిషన్ ఏ లో గంజాయి, గర్భస్రావం, పోలీసుల పద్ధతులు అన్నీ కలిపి ఒకే సవరణగా పెట్టారు. బ్యాలెట్ మీదకి రాకుండా ఆపమని కొందరు సుప్రీంకోర్టుకి వెళ్తే, ఒకే విషయమా కాదా అన్నది ఎన్నిక తర్వాత కూడా తేల్చవచ్చు అని కోర్టు ఎన్నికని ఆపలేదు. చివరికి ఓటర్లే పెద్ద తేడాతో తిరస్కరించారు. నా ఉద్దేశంలో అందులో కొన్ని అంశాలు విడిగా వచ్చి ఉంటే ఫలితం వేరుగా ఉండేదేమో, కట్టగట్టి పెడితే ఒకటి నచ్చనివాళ్ళు అన్నిటినీ కాదంటారు.

కౌన్సిల్ పదవీకాలం మార్చేవాళ్ళు ఇంకో సంగతి చూడాలి. రెండేళ్ళ నుంచి మూడో నాలుగో ఏళ్ళకి పెంచితే రాష్ట్ర రాజ్యాంగం 11వ ఆర్టికల్ 11వ సెక్షన్ కింద గెలిచినవాళ్ళకి సగానికి పైగా ఓట్లు రావాలి, అందరికంటే ఎక్కువ వస్తే చాలదు. అంటే ఎవరికీ సగం దాటకపోతే మళ్ళీ పెట్టే రనాఫ్ ఎన్నికలు వస్తాయి, వాటికి ఖర్చు. ఖాళీ పడిన సీటు కూడా 120 రోజుల్లోపు ఎన్నికతోనే నింపాలి, మిగిలిన కాలం ఏడాది కంటే ఎక్కువ లేనప్పుడు చార్టర్‌లో వేరే పద్ధతి రాసుకోవచ్చు. 2024లో శాన్ ఆంటోనియో ఓటర్లు నాలుగేళ్ళ పదవీకాలానికి ఒప్పుకున్నారు. మీ ఊళ్ళో అలాంటిది పెట్టేటప్పుడు ఇప్పుడున్న సభ్యుల పదవి ఎప్పుడు ముగుస్తుంది, కొత్త లెక్క ఏ ఎన్నిక నుంచి మొదలవుతుంది అనే బదలాయింపు నియమం తప్పకుండా రాయండి.

సీట్లని వార్డులుగా విడగొట్టడం, లేదా ఊరంతటికీ కలిపి ఎన్నుకోవడం లాంటి మార్పు అయితే ఫెడరల్ చట్టం కూడా వస్తుంది. ఇర్వింగ్‌లో ఒకప్పుడు కౌన్సిల్ మొత్తాన్ని ఊరంతా కలిపి ఎన్నుకునేవాళ్ళు, ఆ పద్ధతి వల్ల హిస్పానిక్ ఓటర్ల బలం పలచబడుతోందని 2009లో ఫెడరల్ కోర్టు ఓటింగ్ హక్కుల చట్టం కింద తీర్పిచ్చింది, ఆ తర్వాతే అక్కడ జిల్లా సీట్లు (మన వార్డుల్లాంటివి) వచ్చాయి. జిల్లాల జనాభా దాదాపు సమానంగా ఉండాలన్న నియమం స్థానిక సంస్థలకీ వర్తిస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది, అది కూడా టెక్సస్‌లోని మిడ్‌లాండ్ కౌంటీ కేసులోనే.

ఐదో మెట్టు: కౌన్సిల్ ద్వారానా, పిటిషన్ ద్వారానా

దారులు రెండే. కౌన్సిల్ తనంతట తానే సవరణని ఓటర్ల ముందు పెట్టొచ్చు. లేదా అర్హులైన ఓటర్లలో 5 శాతం మంది గానీ 20,000 మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సంతకాలతో పిటిషన్ ఇస్తే కౌన్సిల్ పెట్టి తీరాలి. లక్షమంది ఓటర్లున్న ఊళ్ళో 5,000 సంతకాలు. హ్యూస్టన్ అంత పెద్ద ఊళ్ళో కూడా 20,000 చాలు, కాబట్టి పెద్ద ఊళ్ళలోనే ఇది నిజానికి తేలిక.

ముందు కౌన్సిల్ సభ్యులతో మాట్లాడండి. ఒక సభ్యుడు ఒప్పుకుని అజెండాలో పెట్టిస్తే నెలల కష్టం తప్పుతుంది. పౌరసత్వం లేకపోయినా, హెచ్-1బి మీద ఉన్నా, కౌన్సిల్ మీటింగులో మైకు దగ్గరికి వెళ్ళి మూడు నిమిషాలు మాట్లాడడానికి ఎవరూ అడ్డు చెప్పరు. మనవాళ్ళు ఈ పని చాలా తక్కువగా చేస్తారు.

ఆరో మెట్టు: సంతకాలు

రాష్ట్ర ఎన్నికల చట్టమైన ఎలక్షన్ కోడ్‌లో 277వ చాప్టర్ చదవకుండా ఒక్క సంతకం కూడా తీసుకోకండి. సంతకంతో పాటు అచ్చు అక్షరాల్లో పేరు, పుట్టిన తేదీ లేదా ఓటరు రిజిస్ట్రేషన్ నంబరు, ఇంటి అడ్రసు, సంతకం చేసిన తేదీ ఉండాలి. పిటిషన్ దాఖలు చేసిన రోజుకి 180 రోజుల కంటే ముందు పెట్టిన సంతకం చెల్లదు. ఊరు రెండు కౌంటీల్లో ఉంటే, ఫ్రిస్కో కొంత కాలిన్‌లో కొంత డెంటన్‌లో ఉన్నట్టు, రిజిస్ట్రేషన్ నంబరుతో పాటు కౌంటీ పేరు కూడా రాయించండి. ఊరి హద్దుల బయట ఉండి, పోస్టల్ అడ్రసులో మాత్రం ఊరి పేరున్నవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళ సంతకాలు లెక్కలోకి రావు. చార్టర్‌లో ఇంకేవైనా అదనపు షరతులు కనిపిస్తే కంగారుపడకండి, సంతకాల చెల్లుబాటుకి చార్టర్ పెట్టిన అదనపు షరతు 1985 సెప్టెంబర్ 1 నాటికే అమల్లో ఉంటేనే పనిచేస్తుంది.

కావాల్సిన సంతకాలు 1,000 దాటితే సిటీ మొత్తం లెక్కపెట్టకుండా శాంపిల్ తీసి చూడొచ్చు, ఆ శాంపిల్ మొత్తం సంతకాల్లో 25 శాతం లేదా 1,000, ఏది ఎక్కువైతే అంతకి తగ్గకూడదు. శాంపిల్‌లో చెడ్డవి ఎక్కువ పడితే మొత్తం పిటిషనే పోతుంది. అందుకే అవసరమైనదానికంటే కనీసం మూడో వంతు ఎక్కువ పోగుచెయ్యండి, ఏ రోజుకారోజు ఓటర్ల జాబితాతో సరిచూసుకోండి.

ఇక్కడ మనవాళ్ళకి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, హెచ్-1బి, హెచ్-4 వాళ్ళు ఓటర్లు కారు, వాళ్ళ సంతకం చెల్లదు. గుడి దగ్గరో ఉగాది వేడుకల్లోనో టేబుల్ వేసి సంతకాలు తీసుకుంటున్నప్పుడు మొహమాటానికి ఎవరో ఒకరు పెట్టేస్తారు. మీ కౌంట్ చెడిపోవడం పక్కన పెట్టండి, పౌరుడు కానివాళ్ళు తాము పౌరులమని చెప్పి ఓటరుగా నమోదైతే గానీ ఓటు వేస్తే గానీ ఇమ్మిగ్రేషన్ చట్టం కింద దేశం నుంచి పంపేసే దాకా వెళ్తుంది. కాబట్టి పెన్ను చేతికి ఇచ్చేముందు "మీరు ఇక్కడ ఓటరేనా అండీ" అని ప్రతి ఒక్కరినీ అడగండి, పెద్దవాళ్ళనైనా సరే.

ఏడో మెట్టు: ఎన్నిక పిలవడం, తేదీలు

సంతకాలు సరిపోయాక కౌన్సిల్‌కి నచ్చినా నచ్చకపోయినా ఎన్నిక పిలవాలి. ఇది చెల్లదని మాకు అనిపిస్తోంది కాబట్టి పెట్టం అనడానికి వీల్లేదు, 1980లో విక్టోరియా ఊరి కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. కౌన్సిల్ మొండికేస్తే మాండమస్, అంటే చెయ్యాల్సిన పని చేసి తీరాలనే ఆదేశం, కోసం కోర్టుకి వెళ్ళాలి, బ్యాలెట్లు అచ్చుకి వెళ్ళే తేదీ దగ్గరపడితే కోర్టు కూడా ఏమీ చెయ్యలేకపోవచ్చు, అందుకే ఆలస్యం పనికిరాదు.

ఎన్నికలు మామూలుగా మే మొదటి శనివారం, లేదా నవంబర్‌లో మొదటి సోమవారం తర్వాతి మంగళవారం జరుగుతాయి. ఎన్నికకి 78 రోజుల ముందే దాన్ని పిలవాలి. 2024 నవంబర్ 5 ఎన్నికకి ఆ గడువు ఆగస్టు 19. సంతకాలు సరిచూడ్డానికి సెక్రటరీకి వారాలు పడుతుంది, ఆ తర్వాత అజెండా ప్రకటించి మీటింగ్ పెట్టాలి, దానికి ఒకప్పుడు 72 గంటల ముందు నోటీసు చాలేది, 2025 సెప్టెంబర్ నుంచి మూడు పనిరోజులు కావాలి. ఇవన్నీ వెనక్కి లెక్కేస్తే నవంబర్ ఎన్నిక కోసం పిటిషన్ మే నెలలో ఇచ్చేస్తే మంచిది.

ఊళ్ళో వచ్చే వార్తాపత్రికలో సిటీ ప్రకటన కూడా వెయ్యాలి, వరసగా రెండు వారాలు ఒకే వారం రోజున, మొదటిది ఎన్నికకి 14 రోజుల కంటే ముందే పడాలి. అందులో సవరణ పాఠం, దానివల్ల సిటీకి పడే ఖర్చు అంచనా ఉండాలి. ప్రకటన ఎప్పుడు పడిందో మీరే చూసి కటింగ్ దాచుకోండి, తర్వాత కేసు వస్తే ఆ కటింగే సాక్ష్యం.

ఎనిమిదో మెట్టు: బ్యాలెట్ మీది మాటలు

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద మెట్టు ఇదే. సవరణ పాఠం మీరు రాస్తారు, బ్యాలెట్ మీద కనిపించే ఆ రెండు మూడు వాక్యాలు మాత్రం కౌన్సిల్ రాస్తుంది. హ్యూస్టన్‌లో 2010 నవంబర్‌లో వరదనీటి కాలువల కోసం చార్టర్ సవరణ నెగ్గింది, బ్యాలెట్ మీద వీధులు, కాలువల కోసం ప్రత్యేక నిధి అని ఉంది గానీ ఆ నిధికి డబ్బు ఇంటి యజమానుల నుంచి ఫీజుగా వసూలు చేస్తారని లేదు. 2015లో సుప్రీంకోర్టు, సవరణలోని ముఖ్యమైన అంశాన్ని దాచిన బ్యాలెట్ ఓటర్లని తప్పుదారి పట్టిస్తుందని తేల్చింది. మళ్ళీ 2018లో ఓటు పెట్టుకుని నెగ్గించుకోవాల్సి వచ్చింది. అంటే సవరణకి అనుకూలంగా ఉన్నవాళ్ళు కూడా మాటలు తియ్యగా ఉండాలని కోరుకోకూడదు, జేబులోంచి డబ్బు పోయేదుంటే ఆ మాట బ్యాలెట్ మీద ఉండాలని వాళ్ళే పట్టుబట్టాలి.

రెండో ప్రమాదం పోటీ ప్రతిపాదన. డాలస్‌లో 2024లో జనం పిటిషన్‌తో వచ్చిన మూడు సవరణలకి ఎదురుగా కౌన్సిల్ తన సొంత ప్రతిపాదనలు కె, ఎం, ఎన్ పెట్టింది, జనం సవరణలు నెగ్గినా ఇవి వాటిని పక్కకి నెట్టేలా ఉన్నాయి. ఓటరు ఏదానికి ఓటేస్తున్నాడో అర్థం కాకుండా పోతుందని సుప్రీంకోర్టు కౌన్సిల్ పెట్టిన ఆ మూడింటినీ బ్యాలెట్ నుంచి తీసెయ్యమంది. ఆ ఎన్నికలో ఈ మూడు జనం సవరణల్లో రెండు నెగ్గాయి, వాటిలో ఒకటి కొత్తగా పెరిగే ఆదాయంలో సగం పోలీసు, ఫైర్ సిబ్బంది పెన్షన్లకి, పోలీసు నియామకాలకి కేటాయించాలన్నది. దాన్ని మీరు సమర్థించినా వ్యతిరేకించినా, ఆర్డినెన్స్ ఆమోదించే రాత్రి మీటింగులో కూర్చుని బ్యాలెట్ పాఠం ప్రతి అక్షరం చదవడం ఎంత అవసరమో ఆ కేసు చూస్తే తెలుస్తుంది.

తొమ్మిదో మెట్టు: ప్రచారం, డబ్బు

డబ్బు తీసుకునే ముందో ఖర్చుపెట్టే ముందో కమిటీ పెట్టుకుని ట్రెజరర్‌ని నియమించి సిటీ సెక్రటరీ దగ్గర కాగితం ఇవ్వాలి, తర్వాత లెక్కలు దాఖలు చెయ్యాలి. సిటీ వాళ్ళు మాత్రం ప్రజల డబ్బుతో ఇటు ఓటెయ్యండి అటు ఓటెయ్యండి అని ప్రచారం చెయ్యకూడదు, ఎలక్షన్ కోడ్ 255.003 కింద అది నేరం. సవరణలో ఏముందో ఉన్నదున్నట్టు వివరించే పాంప్లెట్ వెయ్యొచ్చు. పౌరులు కానివాళ్ళు చందా ఇస్తామంటే ముందు లాయర్‌ని అడిగే తీసుకోండి.

పదో మెట్టు: నెగ్గాక

ఓట్ల లెక్క అధికారికంగా తేలాక కౌన్సిల్ సవరణ ఆమోదం పొందినట్టు తన రికార్డులో ఆర్డర్ రాయాలి, అది రాసేదాకా సవరణ అమల్లోకి రాదు. ఈ ఆర్డర్ మీద కన్నేసి ఉంచండి. ఆ తర్వాత మేయర్ సిటీ ముద్రతో ధ్రువీకరించిన కాపీ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి పంపాలి. అధికారిక ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు ఎవరైనా ఎన్నికని సవాలు చెయ్యొచ్చు, కాబట్టి ఆ నెల రోజులు పిటిషన్ కాగితాలు, ప్రకటన కటింగులు, మీటింగు మినిట్స్ అన్నీ ఒకేచోట ఉంచండి. కొన్ని వారాల తర్వాత సిటీ వెబ్‌సైట్‌లోని చార్టర్ తెరిచి, కొత్త పాఠం సరిగ్గా ఎక్కిందా, పాత వాక్యం ఎక్కడైనా మిగిలిపోయిందా చూడండి, మిగిలి ఉంటే సెక్షన్ నంబరు, ఆర్డర్ తేదీ రాసి సెక్రటరీకి ఈమెయిల్ పెట్టండి.